నలభై ఆరు

ఈ ఊళ్ళో ఇనుముకి శత్రువు వయసు కాదు, గాలి.
సముద్రమంత నది మీంచి ఉప్పు మోసుకొచ్చి
తలుపుల అంచుల్లో, చక్రాల మీది వంపుల్లో
ఓపిగ్గా కూచుంటుంది
బాకీ వసూలుకొచ్చినవాడిలా.

మొంతెవిదేయోలో ముప్పయ్యేళ్ళు
ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చదివాను.
అంకెలు రాసుకోడానికి వంగినప్పుడల్లా
వీపు వెనక ఎవరో నిలబడ్డట్టుండేది.
తిరిగి చూస్తే
గుండ్రటి కళ్ళ పెజో,
కప్పలా చతికిలబడ్డ సిత్రోయెన్,
ఒంటికన్ను హిల్‌మన్.

పింఛను డబ్బుల్తో కెమెరా కొన్నాను. రీలు కెమెరా.
ఆదివారం పార్కులో పాలిష్ పట్టించుకుని
వరసకట్టే బళ్ళ జోలికి పోను.
నాక్కావలసింది రొట్టెల కొట్టు ముందు ఆగిన బండి,
వెనక సీట్లో ఉల్లిపాయల సంచీ,
పగిలిన లైటుకి అతికించిన ఎర్ర ప్లాస్టిక్ మగ్గు ముక్క,
అద్దం మీది దుమ్ములో ఎవరిదో వేలిరాత: నన్ను కడగండి.

మోకాలు నేలకి ఆన్చి తియ్యాలి.
నిలబడి తీస్తే పాపం అనిపిస్తుంది బండి.
హెడ్‌లైటు ఎత్తుకి దిగితే
అదే నిన్ను చూస్తుంది.

దురాజ్నో వీధిలో ఒక బోర్గ్‌వార్డ్ ఇసబెల్లా.
జర్మనీలో దాన్ని కన్న కంపెనీ
మూతపడి అరవయ్యేళ్ళు దాటింది.
ఆ కబురు దీనికింకా ఎవరూ చెప్పలేదు.
ఒకప్పుడు నీలమట. ఇప్పుడు
వాన రావాలా వద్దా అని ఆలోచించే ఆకాశం రంగు.
పదకొండేళ్ళలో నలభై ఆరు ఫోటోలు:
ప్లేన్ చెట్ల నూగు ఎగిరి ఊరంతా తుమ్ముతున్నప్పుడు,
దాని కింద పిల్లి ఈనినప్పుడు,
ఏమీ జరగనప్పుడు ఎక్కువగా.

మొన్న మార్చిలో తలుపు తెరుచుకుంది.
బండిది కాదు, ఇంటిది.
చంకలో ఫ్లాస్కు, చేతిలో మాతే గిన్నెతో
డెబ్బై దాటిన మనిషి, పేరు నీబియా.
"కొంటావా?"
"లేదండీ."
"కొననివాడివి యాభై రెండుసార్లెందుకు తీశావు?"
నలభై ఆరేనన్నాను.
"కిటికీలోంచి లెక్కపెట్టాను. యాభై రెండు."

ఇంటికెళ్ళే దారిలో గుర్తొచ్చింది.
ఆరుసార్లు కెమెరా ఎత్తి
నొక్కకుండా దించేశాను.

కానీ అప్పటికింకా ఇంటికి వెళ్ళనివ్వలేదావిడ.
"రేపు నీళ్ళ గొట్టాలకి వీధి తవ్వుతారట.
బండిని అవతలి పక్కకి చేర్చాలి.
నేనూ మెకానిక్ వాల్దెమారూ తోస్తాం,
నువ్వు స్టీరింగు పట్టుకో."
"నాకు డ్రైవింగు రాదు."
పీల్చే గొట్టం నోట్లోంచి జారేదాకా నవ్వింది.
నవ్వు అయ్యాక తలుపు తీసి, "కూచో" అంది.

తడిసిన కంబళి వాసన. సన్నటి చక్రం.
ఇన్నేళ్ళూ బయటినుంచి చూసిన అద్దంలోంచి
మొదటిసారి వీధిని చూశాను.
నేను మోకాలు ఆన్చే చోటు, సరిగ్గా ఎదురుగా,
రాళ్ళు కాస్త నున్నగా ఉన్నాయి.
"ఎడమకి! ఎడమకి తిప్పు! నీ మీటరు తిరిగే వైపు కాదు!"
స్కూలు వదిలిన పిల్లలు వచ్చి తలో చెయ్యీ వేశారు.
టైర్లు మూలిగాయి.
రోడ్డు దాటడానికి ఇరవై నిమిషాలు,
ఒక బస్సు హారను, బోలెడు తిట్లు.

బండి చుట్టూ అందరూ చప్పట్లు కొడుతుంటే
నేను వెనక్కి నడిచాను.
అక్కడ బండంత పొడవు నల్లటి జాగా.
నాలుగు టైర్ల గుంటలు,
నూనె మరక, టీ చెంచా ఒకటి,
ఇప్పుడు చెల్లని పెసోల కాలం నాటి బస్సు టికెట్టు.
మోకాలు ఆన్చాను.

"బండి ఇటుందయ్యా!" అరిచాడు వాల్దెమార్.

నొక్కాను.
నలభై ఏడు, అనుకున్నాను పైకే.

రోడ్డవతల డిక్కీ మీద చెయ్యి ఆన్చి,
ఇంకా ఆయాసపడుతూనే,
"యాభై మూడు" అంది నీబియా.